పొగలేని ఊదు

ఇంటికొక వాసన ఉంటుంది. ఆ ఇంట్లో ఉన్నవారికి మాత్రం అది తెలియదు. తెలియాలంటే పది రోజులు ఊరు వెళ్ళి తిరిగి రావాలి. లేదా ఆ ఇంటికి కొత్తగా కాపరానికి రావాలి. నేను రెండో పద్ధతిలో తెలుసుకున్నదాన్ని.

నా పుట్టిల్లు సిరిసిల్ల. మా వీధిలో ఏ గడప తొక్కినా మరమగ్గాలకు పోసే నూనె వాసన, నూలుకు పట్టించే గంజి వాసన. మెట్టినిల్లు కోరుట్ల. పసుపు ఉడికించే రోజుల్లో ఊరి చుట్టూ ఉన్న కల్లాల నుంచి పచ్చి పసుపు ఘాటు గాలిలో తేలివస్తుంది. మా అత్తగారింట్లో మాత్రం పన్నెండు నెలలూ తునికాకు వాసన, పొగాకు వాసన. మా పెద్దాడబిడ్డను ఇచ్చింది జగిత్యాల. ఎండాకాలంలో ఆవిడ ఇంటికి వెళితే వాకిట్లోనే మామిడిపండ్లు పలకరిస్తాయి. చల్‌గల్ మార్కెట్టు దగ్గరే గదా! ఈ మూడు ఊళ్ళ మధ్య బస్సులో తిరగడంతోనే నా జీవితం సగం గడిచింది. కళ్ళు మూసుకుని దించినా ఏ ఊళ్ళో దిగానో చెప్పగలను.

మా అత్తగారు 35 ఏళ్ళు బీడీలు చుట్టారు. మా వైపు ఇది వింత కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో ఎన్ని ఇళ్ళలో పిల్లల చదువులు, ఆడపిల్లల పెళ్ళిళ్ళు ఒళ్ళో పెట్టుకున్న ఆ చాట మీదనే నడిచాయో లెక్కలేదు. తెల్లవారి లేచి ఆకు కత్తిరించి, తడిపి, పొగాకు పోసి, దారం చుట్టి, సాయంత్రానికి కట్టలు కట్టి కార్ఖానాకు పంపితే గాని పూట గడవని రోజులవి. ఆ పొగాకు దుమ్ము చీరెలకు పట్టేది, దిండ్లకు పట్టేది, పిల్లల పుస్తకాలకు సైతం పట్టేది. మావారు బడికి వెళ్ళేనాడు పక్క పిల్లలు ముక్కు మూసుకునేవారట.

అందుకని అత్తగారు ఒక నియమం పెట్టుకున్నారు. మంగళవారం, శుక్రవారం దీపాలవేళకు చాట పక్కన పెట్టి, ఇల్లు కడిగి, మట్టి మూకుడులో నిప్పులు పోసి, ఊదు వేసేవారు. సాంబ్రాణినే మా వైపు ఊదు అంటారు. దేవుని అర్రలో మొదలుపెట్టి, వంటిల్లు, పడకటిల్లు, పిల్లలు చదువుకునే మూల, చివరకు కడప దాకా ఆ పొగ తిప్పేవారు. కొత్త కోడలిగా నేను మొదటి శుక్రవారం ఆ పొగలో ఆమె ముఖం చూశాను. అప్పటిదాకా బీడీల అత్తమ్మగా కనబడిన మనిషి ఆ పది నిమిషాలు ఆ ఇంటి యజమానురాలిగా కనబడింది.

బీడీలు మానిపించి పిల్లలు ఆమెను కూర్చోబెట్టినా, ఊపిరితిత్తులు పాత బాకీ మరచిపోలేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. జగిత్యాలలో డాక్టరుగారికి చూపిస్తే, ఆయన పరీక్షలన్నీ చేసి, మందు పీల్చే గొట్టం చేతికిచ్చి, ఒక్క మాట ఖండితంగా చెప్పారు: ఇంట్లో పొగ కూడదు. కట్టెల పొయ్యి వద్దు, దోమల చక్రం వద్దు, ఊదుబత్తీ వద్దు, సాంబ్రాణి అసలే వద్దు. 

"సాంబ్రాణి దేవునిదే గదా సారూ?" అని అత్తగారు వాదించారు.

"దేవునిదే అవ్వా. కాని నిప్పు మీద పడ్డంక పొగాకయినా ఒకటే, సాంబ్రాణి అయినా ఒకటే. లోపలికి పోయేది సన్నటి మసి. మీ ఊపిరితిత్తికి అది ఎవరిదో తెలియదు," అన్నారాయన.

ఆ వారం శుక్రవారం మూకుడు అటక మీదికి వెళ్ళింది. అత్తగారు అన్నం సగమే తిన్నారు. "పొగలేని శుక్రారం గూడ శుక్రారమేనా బిడ్డా?" అన్నారు. నాకేం జవాబు చెప్పాలో తోచలేదు. ఇంటికి మంచి వాసన రావడానికి పొగ ఒక్కటే మార్గమా అని ఆ రాత్రి నుంచి విచారణ మొదలుపెట్టాను.

మన దేశంలో సలహాలకు కరువు లేదు. చుట్టాలలో ఫోను పట్టిన ప్రతివారూ ఒక పద్ధతి చెప్పారు. వాటిని ఒక్కొక్కటే పరీక్షించి చూశాను గనుక, గృహిణులకు ఉపయోగపడతాయని రాస్తున్నాను.

ముందు పరిమళ తైలం అంటే ఏమిటో తెలియాలి. వంటకు వాడే నువ్వులనూనె, పల్లినూనె ఒక జాతి. పూలలో, ఆకులలో, వేళ్ళలో ఉండి గాలికి ఎగిరిపోయే తైలం మరొక జాతి. రెండింటినీ చెరొక చుక్క తెల్ల కాగితం మీద వేసి వదిలేయండి. నువ్వులనూనె మరక మరునాటికి కూడా అలాగే ఉంటుంది. నిమ్మగడ్డి తైలం ఎగిరిపోయి, కాగితం దాదాపు మామూలుగా అవుతుంది. సీసాలో వంటనూనె కలిపి అమ్మే ఘనులు ఉన్నారు గనుక ఈ చిన్న పరీక్ష గుర్తుంచుకోవడం మంచిది. కృత్రిమ సెంటు కలిపితే మాత్రం దీనికి దొరకదు సుమా!

ఈ తైలాలను నీటి ఆవిరితో దించుతారు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో నేటికీ పాత పద్ధతే ఉంది. దేగు అనే రాగి కాగులో పూలు, నీళ్ళు పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా భప్‌కా అనే రాగిపాత్రలోకి వచ్చి చల్లబడుతుంది. అందులో గంధపునూనె పోసి ఉంచితే అది పూల వాసనను పట్టుకుంటుంది. కాల్చిన మట్టితో కూడా అత్తరు దించుతారట. తొలకరి వాన వాసన సీసాలో! గులాబీ తైలం ఒక కిలో కావాలంటే 3, 4 వేల కిలోల పూలు పోయాలి. కాబట్టి ఎవరైనా వంద రూపాయలకు సీసాడు గులాబీ తైలం ఇస్తానంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. నిమ్మగడ్డి అంత ప్రియం కాదు; వంద కిలోల గడ్డికి సుమారు అరకిలో పైచిలుకు నూనె వస్తుంది. హైదరాబాదు పక్కన బోడుప్పల్‌లో సీమాప్ అనే కేంద్ర ప్రభుత్వ సుగంధ మొక్కల సంస్థకు పరిశోధనా కేంద్రం ఉంది. ఇటువంటి మొక్కల మీద పనిచేయడమే వారి వృత్తి.

ఇక పద్ధతుల సంగతి.

అన్నిటికంటె చవక అయినది పొయ్యి మీది పద్ధతి. పెరట్లో నిమ్మగడ్డి ఉంటే నాలుగు పోచలు, లేకపోతే నిమ్మతొక్కలు, చిన్న దాల్చినచెక్క ముక్క గిన్నెడు నీళ్ళలో వేసి సన్నని మంట మీద పావుగంట ఉంచండి. చేపలు వేయించిన వాసన కూడా సర్దుకుని బయటికి పోతుంది. నీళ్ళు ఇంకిపోకుండా చూసుకోవాలి, అంతే.

రెండవది దీపం పద్ధతి. కింద ప్రమిద, పైన చిన్న ఇత్తడి గిన్నె, గిన్నెలో నీళ్ళు, నీళ్ళలో రెండు మూడు చుక్కల తైలం. నీరు వేడెక్కిన కొద్దీ వాసన లేస్తుంది. చూడడానికి ముచ్చటగా ఉంటుంది. కాని నీరు ఇంకితే తైలం మాడి చేదు వాసన కొడుతుంది. పైగా ఈ తైలాలకు నిప్పంటుకునే గుణం ఉంది. మనవలు తిరిగే ఇంట్లో ఈ ముచ్చట నాకు అక్కరలేదనిపించింది.

మూడవది జగిత్యాల వదినగారి పద్ధతి. ఆవిడ టీచరు గనుక అన్నిటికీ కారణం చెబుతారు. హాల్లో బల్ల మీద మూతి సన్నని గాజుసీసా, అందులో తైలం, పైకి అయిదారు పుల్లలు. "దీపం వత్తి నూనెను పీల్చుకున్నట్టే ఈ పుల్ల కూడ పీల్చుకుంటది. పైకొచ్చింది గాలికి ఆరుతది. ఇందులో మంత్రం లేదు," అన్నారు. మంత్రం లేదుగాని, రెండేళ్ళ మనవడు ఆ సీసాను ఎత్తి తాగబోయాడు. మరునాడు అది బీరువా పైకెక్కింది. ఈ తైలాలు చుక్కలుగా పరిమళం, గుక్కలుగా విషం. నీలగిరి తైలం, కర్పూరం పసిపిల్లల దరిదాపుల్లో ఉండనే కూడదు. పూజకని చేతికందేచోట పెట్టిన కర్పూరం బిళ్ళ మింగి, పిల్లలకు ఫిట్సు వచ్చే ప్రమాదం ఉంది. జలుబని ముక్కు దగ్గర కర్పూరం మూట కట్టే అలవాటు కూడా మానుకోవలసిందే.

వదినగారింట్లో నాకు నచ్చింది మరొకటి ఉంది. మే నెలలో మా జిల్లాలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. కూలరుకు మామూలు గడ్డికి బదులు ఆవిడ వట్టివేళ్ళ తడికెలు పెట్టించారు. నీరు వాటి మీదుగా కారుతుంటే, గాలికి చల్లదనం, వాసన రెండూ ఒకేసారి వస్తాయి. పాతరోజుల్లో కలవారి ఇళ్ళలో గుమ్మాలకు వట్టివేళ్ళ తెరలు కట్టి నీళ్ళు చల్లించేవారు, అదే సూత్రం. వారానికొకసారి విప్పి ఎండలో వేయకపోతే మాత్రం బూజు పట్టి, పరిమళం కాస్తా ముక్కవాసన అవుతుంది.

సిరిసిల్ల వెళ్ళినప్పుడు అమ్మను అడిగాను. ఆమె మాట్లాడకుండా సందూకు తెరిచింది. పట్టుచీరెల మడతల్లో వట్టివేళ్ళు, కచ్చూరాలు, లవంగాలు కట్టిన చిన్న చిన్న మూటలు. "ఇల్లంతా ఎందుకే? మనిషి కట్టే చీరెకుంటే మనిషి ఎటుపోతే అటే వాసన," అన్నది. నేత ఇంటి ఆడపడుచు మాట అది! మా ఊరి నేత కళాకారుడు నల్ల విజయ్ గారు ఈ మాటను ఏకంగా మగ్గమెక్కించారు. అగ్గిపెట్టెలో పట్టే చీరెను నేసి పేరు తెచ్చుకున్న నల్ల పరంధాములు గారి కుమారుడాయన. 2022లో 27 రకాల సుగంధాలతో 'సిరిచందన' అనే పరిమళించే చీరెను తయారుచేసి చూపించారు. ఆ వార్త వచ్చిన రోజు అమ్మ ఫోను చేసి, "చూసినవా, మా సందూకుల ఉన్నదే ఆ పిలగాడు మగ్గం మీద పెట్టిండు," అని మురిసిపోయింది.

ఇంతలో దుబాయి నుంచి మరిది పార్సెలు పంపాడు. మా మూడు ఊళ్ళలో ఎడారి దేశాలకు మనిషిని పంపని వీధి ఉండదు. మా మరిది వెళ్ళి పదకొండేళ్ళు. ఒక గదిలో ఎనిమిదిమంది, రెండేళ్ళకొకసారి సెలవు. తల్లికి ఊదు వద్దన్నారని తెలిసి ఏం అర్థం చేసుకున్నాడో, ఖరీదైన ఊదే పంపించాడు! నగిషీ చెక్కిన ధూపపాత్ర, దాన్ని అక్కడ మబ్ఖరా అంటారట, పక్కన చిన్న డబ్బాలో నల్లటి చెక్కముక్కలు. 

ఆ చెక్క పేరు అరబ్బీలో ఊద్. మనం ఊదు, ఊదుబత్తీ అంటున్నది ఆ మాటే. తమాషా ఏమంటే, ఆ చెట్టు అరబ్బు దేశంలో పెరగదు. అది మన అస్సాంలో పెరిగే అగరు చెట్టు. చెట్టుకు ఒక రకం బూజు తెగులు సోకితే, దాన్ని ఎదుర్కోవడానికి కాండంలో నల్లని బంక ఊరుతుంది. ఆ జబ్బుపడిన చెక్కకే అంత ధర. అగరుబత్తికి పేరు వచ్చిందీ దానినుంచే. అంటే మనం ఒకే చెట్టును పూజకు సంస్కృతంలోను, కొట్లో అరబ్బీలోను పిలుచుకుంటున్నామన్నమాట. సాంబ్రాణి మాత్రం వేరు. అది సుమత్రా, లావోస్ వైపు పెరిగే మరో జాతి చెట్టు బెరడుకు గాటు పెడితే కారే బంక. 

ఎంత ఖరీదైనదైనా దానికీ నిప్పు కావాలి. నిప్పుంటే పొగ వస్తుంది. మబ్ఖరా అద్దాల బీరువాలో అలంకారమై కూర్చుంది.

నాకు చివరకు పనికొచ్చింది కుండపెంకు. పగిలిన నీళ్ళకుండ పెంకును కడిగి ఎండబెట్టి, లోపలి వైపు అయిదు చుక్కల వట్టివేళ్ళ తైలం వేసి, దేవుని అర్రలో పెట్టాను. పూతలేని మట్టి తైలాన్ని పీల్చుకుని, తీరికగా వదులుతుంది. నిప్పు లేదు, పొగ లేదు, కరెంటు లేదు. నిమ్మ, నారింజ వంటి తేలిక తైలాలు వేస్తే గంటల్లో ఎగిరిపోతాయి. వట్టివేరు, గంధం బరువైనవి, మూడు నాలుగు రోజులు నిలుస్తాయి. ఎక్కువ పోయాలనే ఆశ పుట్టకూడదు. పావుగంట ఒకే వాసనలో కూర్చుంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. వాసన పోయిందనుకుని మనం ఇంకా నాలుగు చుక్కలు పోస్తాము. కొత్తగా వచ్చినవారికి తలనొప్పి పడుతుంది. 

"వాసన వస్తుందా అత్తమ్మా?" అని అడిగేదాన్ని.

"వస్తుంది బిడ్డా, మంచిగున్నది," అనేవారు. ఆ మాటలో ఉత్సాహం లేదు. మర్యాద ఉంది, అంతే.

ఒక శుక్రవారం మా చిన్నది బొమ్మల పెళ్ళికని ఆ పెంకు ఎత్తుకుపోయింది. దేవుని అర్రలో ఏమీ లేదు. నేను చూసుకోకుండా అలవాటుగా, "వస్తుందా అత్తమ్మా?" అన్నాను. "మంచిగ వస్తుంది బిడ్డా," అన్నారు.

ఖాళీ పీట చూశాను. ఆమె ముఖం చూశాను. పక్కన కూర్చుని మెల్లగా అడిగాను. చాలాసేపు కొంగు మడతలు పెడుతూ ఉండిపోయి, చివరకు చెప్పారు.

"కరోన వచ్చిపోయినసంది ఏ వాసనా తెలుస్తలేదే. కూర ఉప్పో కారమో, అంతే తెలుస్తది. మల్లెపూలు పెట్టుకున్నా కాయితంపూలు పెట్టుకున్నా ఒకటే. ఎవ్వరికి చెప్తె ఏం లాభం? ముసల్దానికి వాసనలెందుకంటరు."

2021లో ఇంటిల్లిపాదికీ ఆ జ్వరం వచ్చింది. అందరికీ వాసన పోయి, అందరికీ తిరిగి వచ్చింది. ఆమెకు రాలేదు. ఇన్నేళ్ళూ ఆమె ఆ మాట ఎవరితోనూ అనలేదు.

"మరి ఊదు కోసం అంత పట్టు పట్టారేం అత్తమ్మా?"

"వాసన తెల్వకున్నా పొగ కనబడ్తది గదనే! లేచి దేవుని దాక పోతుంటె చూస్తె, ఇల్లు శుభ్రమైనట్టు పానానికి నిమ్మలం."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దుఃఖం ఒకవైపు, భయం ఇంకోవైపు. మేము దుకాణానికి, పిల్లలు బడికి వెళితే పగలంతా ఆమె ఒక్కతే. వంటగ్యాసుకు సొంత వాసన లేదు. కారితే మనకు తెలియాలని కంపెనీవారు కావాలని కుళ్ళువాసన మందు కలుపుతారు. ఆ వాసన తెలియని మనిషి పొయ్యి వెలిగిస్తున్నదంటే! పుల్లబడిన పెరుగు, చెడిన కూర ఆమె ఎన్నిసార్లు తిన్నారో ఎవరికి తెలుసు? మర్నాడే గ్యాసు కారితే మోగే చిన్న యంత్రం తెప్పించి వంటింట్లో బిగించాము. కూరగిన్నెల మీద వండిన పూట రాసిన చీటీలు అతికించడం నేర్చుకున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళు కూరలు రుచిగా లేవని ఊరికే సణుగుతున్నారనిపిస్తే, విసుక్కునే ముందు ఒక లవంగం నలిపి ముక్కు దగ్గర పెట్టి అడిగి చూడండి.

ముక్కు డాక్టరు దగ్గరకు కూడా తీసుకువెళ్ళాము. ఆయన చెప్పిన వైద్యం వింటే ఆశ్చర్యం వేసింది. జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో థామస్ హుమెల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 2009లో ప్రకటించిన పద్ధతి అది. గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం, ఈ నాలుగు తైలాలను రోజుకు రెండుపూటలా, ఒక్కొక్కటి కొన్ని క్షణాలపాటు, మనసు పెట్టి వాసన చూడాలి. కనీసం 12 వారాలు మానకుండా చేయాలి. పిల్లలకు అ, ఆలు దిద్దించినట్టు ముక్కుకు మళ్ళీ దిద్దించడం. అందరికీ గుణమిస్తుందని లేదు, కొందరికి ఇస్తుంది. "నీలగిరికి దగ్గు వస్తే దాన్ని వదిలేయండి, అవ్వ ఊపిరి ముఖ్యం," అని కూడా చెప్పారు.

అప్పుడే మరిది రెండో పార్సెలు వచ్చింది. ఈసారి వదినగారు వివరంగా చెప్పినట్టున్నారు. కూజా ఆకారంలో కరెంటు యంత్రం పంపాడు. లోపల గుండ్రని చిన్న బిళ్ళ ఉంటుంది. అది క్షణానికి పది లక్షలసార్లకు పైగా అదిరి, చల్లని నీటినే మంచులాగ పైకి చిమ్ముతుంది. నిప్పూ లేదు, వేడీ లేదు. 100 మిల్లీలీటర్ల నీటికి మూడు చుక్కల తైలం చాలు. బోరు నీళ్ళు పోస్తే అందులోని సున్నం తెల్లటి పొడిగా సామానుల మీద పడుతుంది గనుక, ఫిల్టరు నీళ్ళే పోయాలి. నిలవనీరు ఉంచకుండా వాడిన ప్రతిసారీ తుడవాలి.

నేను తైలం సీసా తీయలేదు. వాసన తెలియని మనిషికి, అందులోనూ ఆయాసపు మనిషికి, తైలపు ఆవిరి ఎందుకు? ముందు డాక్టరుగారినే అడిగాను. ఉత్త నీళ్ళయితే పది నిమిషాలు, కిటికీ తెరిచి, మనిషికి దూరంగా పెట్టుకోండి, ఆయాసమనిపిస్తే ఆపేయండి అన్నారు. శుక్రవారం దీపాలవేళకు యంత్రాన్ని దేవుని అర్రలో పీట మీద పెట్టి మీట నొక్కాను. తెల్లని ఆవిరి లేచింది. దీపం వెలుగులో మెలికలు తిరుగుతూ దేవుని పటాల దాకా పాకింది.

అత్తగారు గుమ్మంలో నిలబడిపోయారు. "ఊదెయ్యొద్దన్నరు గదనే!"

"పొగ కాదత్తమ్మా, నీళ్ళు. చెయ్యి పెట్టి చూడండి."

చెయ్యి పెట్టారు. తడి తగిలింది. ఆ తడిచేతిని కళ్ళకద్దుకున్నారు. తరువాత యంత్రాన్ని ఎత్తుకుని ఇల్లంతా తిప్పబోతే కరెంటు తీగ అడ్డం వచ్చింది! "దుబాయోళ్ళకు ఇల్లు తిప్పుడు తెల్వదేమో," అని చిన్నకొడుకును ఆక్షేపించారు. ఆ రాత్రి అన్నం పూర్తిగా తిన్నారు.

మరిదికి ఈ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. తరువాత, "వదినే, నీ పెంకు ఒకటి పంపుతవా? మా రూముల పొగ పెడితే గంట మోగుతది, ఊదుబత్తి గూడ ముట్టియ్యరాదు," అన్నాడు. మా వాడకట్టు నుంచి వెళుతున్న ఒక అబ్బాయితో నీళ్ళకుండ పెంకు, చిన్న వట్టివేళ్ళ కట్ట పంపాము. విమానాశ్రయంలో ఆ పెంకును అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఇదేమిటని అడిగారట. "మా ఊరి కుండ," అన్నాడట ఆ పిల్లవాడు. వదిలేశారు.

నాలుగు సీసాల చదువు మా ఇంట్లో ఎనిమిది నెలలు సాగింది. పొద్దున్న టీ ముందు, రాత్రి పడుకోబోయే ముందు, మా చిన్నది పంతులమ్మ, నాయనమ్మ శిష్యురాలు. నీలగిరిని డాక్టరుగారి మాట ప్రకారం రెండో వారమే తీసేశాము. నాలుగో నెలలో ఒకనాడు లవంగం దగ్గర ఆగి, "ఇది పల్లుకు పెట్టే మందు తీరున్నది," అన్నారు. పంటినొప్పి మందులో లవంగ తైలం ఉంటుంది గదా! చిన్నది గంతులు వేసింది. నిమ్మ అప్పుడప్పుడు తెలుస్తుందంటారు. గులాబీ ఈనాటికీ లేదు.

కిందటి నెల నేను పొయ్యి మీద పాలు పెట్టి, పెరట్లో బట్టలు ఆరవేస్తున్నాను. లోపలి నుంచి కేక వినబడింది.

"ఏందే పిల్లా, పాలు అడుగంటినయ్! ఇల్లంత మాడువాసన. ముక్కెక్కడ పెట్టుకున్నవ్?"

పరుగెత్తి వెళ్ళాను. గిన్నె అడుగు నల్లబడింది. నాకన్న ముందే అత్తగారు మంచం దిగి వచ్చి పొయ్యి ఆర్పారు. నేను పాలగిన్నె వంక చూడకుండా ఆమె వంకే చూస్తున్నాను. ఏమన్నారో ఆమెకూ అప్పుడే తట్టినట్టుంది. మాట మధ్యలో ఆపేసి, వంటింటి గాలిని గట్టిగా ఒకసారి పీల్చారు.

"ఇంకోసారి మాడవెట్టకు," అన్నారు నెమ్మదిగా. "అర్ధలీటరు పాలు ఎంతున్నయనుకున్నవ్?"